ఊరికి తాగునీటి బోరు వేయిస్తున్నారా? డబ్బు మొత్తం చేతిలో పెట్టేముందు ఇది చదవండి

సొంత ఊరికో, పక్క తండాకో, కాలనీకో తాగునీటి బోరు వేయిద్దామని చందాలు పోగుచేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఒక చిన్న ఊరు. ఊళ్లోవాళ్లు, హైదరాబాద్, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు, కువైట్‌లో పనికి వెళ్లినవాళ్లు తలా కొంత వేసుకుని బోరు వేయించాం. డబ్బు అయిపోయింది, బోరు మిగిలింది. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. బిల్లులో రాసినంత లోతు లేదు, రాసినంత కేసింగూ (మట్టి కూలకుండా బోరులో దింపే పైపు) లేదు. బోరు పనంతా ఒప్పుకున్న ఏజెంటు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. అతను ఏయే చోట్ల ఎలా మోసం చేశాడో తెలిస్తే మీరు జాగ్రత్తపడొచ్చు.

అంతా ప్యాకేజీ అన్నాడు. పాయింటు, అంటే బోరు వేసే చోటు, చూపించడం దగ్గర్నుంచి బోరు బండి, కేసింగ్, మోటారు దింపడం దాకా అన్నీ తనవే, మీకే టెన్షనూ ఉండదన్నాడు. అతను తెచ్చిన పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి, కాయ లేచిన చోట పాయింటు పెట్టాడు. ఎవరి నమ్మకం వాళ్లది, దాని మీద నేనేమీ అనను. కానీ పాయింటు చూపించేవాళ్లూ, అడుక్కింత అని డబ్బు తీసుకునేవాళ్లూ ఒక్కటే అయితే ‘ఇక్కడ నీళ్లు లేవు, ఆపేద్దాం’ అనే మనిషి అక్కడ ఉండడు. మన వైపు భూమిలో కింద ఉండేది గట్టి రాయి. నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలోనో, రాతి పగుళ్లలోనో ఉంటాయి. పగులు తగలకపోతే ఎంత లోతు పోయినా దుమ్మే వస్తుంది. భూగర్భ జల శాఖ వాళ్లతోనో, వేరే జియాలజిస్టుతోనో కరెంటు పంపి కొలిచే రెసిస్టివిటీ సర్వే చేయించండి. ఆ మనిషికి బోరు బండితో ఏ సంబంధమూ ఉండకూడదు.

రేటు సంగతి బాగా గమనించండి. మొదటి కొన్ని వందల అడుగులకు ఒక రేటు, ఆ తర్వాత ప్రతి వంద అడుగులకూ పెరుగుతూ పోతుంది. అంటే అన్నిటికంటే ఖరీదైనవి చివరి అడుగులే. దొంగ లెక్క రాసేవాడు అక్కడే రాస్తాడు. మా బిల్లులో 620 అడుగులు ఉంది. మోటారు బిగించడానికి మేం వేరే మెకానిక్‌ని పిలిచాం. ఆయన నైలాన్ తాడుకు ఇనుప గుండు కట్టి బోరులోకి వదిలితే 470 అడుగుల దగ్గర తాడు వదులైపోయింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే అడుగున మన్ను కూరుకుపోయిందన్నాడు. కొద్ది అడుగులు పూడిందంటే నమ్మొచ్చు, 150 అడుగులు పూడిందంటే ఎలా నమ్మాలి? పైగా నిజంగా అంత పూడితే అది కేసింగ్ సరిగా వేయనందుకే, ఆ తప్పూ అతనిదే.

లోతు తెలుసుకోవడానికి మంచి దారి రాడ్లు, అంటే బోరు బండి ఒకదానికొకటి తగిలించి లోపలికి దింపే ఇనుప గొట్టాలు, లెక్కపెట్టడం. డ్రిల్లింగ్ నడుస్తున్నప్పుడు దుమ్ము, చప్పుడు, నీళ్లు పడతాయా లేదా అన్న ఆరాటం, ఆ గోలలో ఎవరికీ లెక్క నిలవదు. అందుకే పని అయిపోయి రాడ్లు పైకి తీసేటప్పుడు లెక్కపెట్టండి. ముందే ఒక రాడ్డుని మీ టేపుతో కొలవండి. అందరి రాడ్లూ ఒకే పొడవు ఉండవు. పదిహేను అడుగుల రాడ్డుని ఇరవై అని చెప్తే మొత్తం లెక్కే మారిపోతుంది. మా తమ్ముడు లెక్కపెడుతుంటే ఏజెంటు భుజం మీద చెయ్యేసి, “నీళ్లు కళ్లముందు కనబడుతుంటే రాడ్లు లెక్కపెడతావేంది తమ్ముడూ, పోయి టెంకాయ కొట్టుపో” అన్నాడు. అలా అన్నారంటే ఇంకా గట్టిగా లెక్కపెట్టండి.

కువైట్‌లో ఉన్నవాళ్లకు వాట్సాప్‌లో వీడియో వెళ్లింది. కరెంటు స్తంభమంత ఎత్తున నీళ్లు ఎగిసిపడుతున్నాయి, పిల్లలు తడుస్తూ గంతులేస్తున్నారు. అందరం ఏడ్చినంత పని చేశాం. దూరంలో ఉండి డబ్బు పంపేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ నీళ్లు అంత ఎత్తు లేచేది బోరు బండి కంప్రెసర్ గాలికి. కాస్త నీళ్లున్న బోరైనా ఆ గాలికి అలాగే లేస్తుంది. ఆ వీడియో చూసి మిగతా డబ్బు వదలకండి.

ఎన్ని నీళ్లున్నాయో తెలియాలంటే ఫ్లషింగ్ (గాలితో బోరుని కడగడం) చేశాక, ధార నిలకడగా వచ్చేదాకా ఆగి, వి ఆకారం గాడి ఉన్న రేకుతో కొలవాలి. ఇంచుల నీళ్లు అని మనం అనేది ఆ గాడిలో పారే నీటి ఎత్తు. దీన్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 90 డిగ్రీల గాడిలో ఒక ఇంచు పారితే గంటకు సుమారు 500 లీటర్లు. ఒకటిన్నర ఇంచులైతే 1,400 దాకా, రెండించులైతే దాదాపు 2,900 లీటర్లు. కాబట్టి ఒకటిన్నరను రెండని చెప్తే అది చిన్న అబద్ధం కాదు, నీళ్లు సగానికి సగం తేడా వస్తాయి. మా బోరుకి ‘రెండించులు’ అని కాగితం మీద రాసిచ్చాడు. రేకు పెట్టి చూసినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు.

కేసింగ్ దగ్గర జరిగింది చెప్తే మీకే కోపం వస్తుంది. మాకు రెండు చోట్ల బోరు వేశారు, మొదటి పాయింటులో నీళ్లు పడలేదు. దానిలో దింపిన కేసింగ్ పైపులు వెనక్కి లాగి, వాటినే రెండో బోరులో వేసి, రెండు చోట్లా బిల్లు వేశాడు. కేసింగ్ పైనున్న మట్టి పొరనంతా దాటి గట్టి రాతిలో కూర్చోవాలి. మాది మధ్యలోనే ఆగింది. మెకానిక్ మిట్టమధ్యాహ్నం అద్దంతో ఎండని బోరులోకి కొట్టి చూపించాడు, పైపు అంచు కింద ఎర్రమట్టి గోడ స్పష్టంగా కనబడింది. వాన పడిన ప్రతిసారీ ఆ మట్టిలోంచి వీధి మురుగు లోపలికి దిగుతుంది. బండి వచ్చినప్పుడే పైపులన్నీ నేల మీద పరిపించి లెక్కపెట్టండి, మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 12818 ముద్ర ఉందో లేదో చూడండి, ఒక్కోదాని మీద మీ గుర్తు వేసుకోండి. అనుమానం వస్తే బోరు కెమెరా దింపేవాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు.

ఇక ఆ ఎండిన గుంత. దాని మీద గోనెసంచి కప్పి, రాయి పెట్టి వెళ్లిపోయారు. అంగన్‌వాడీకి కూతవేటు దూరం. పిల్లలు బోరుబావుల్లో పడి చనిపోతుంటే సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది, వదిలేసిన బోరుని అడుగునుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని. ఆ పని పూర్తయ్యేదాకా బండిని ఊరు దాటనివ్వకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. మేం ఆ సాయంత్రమే ట్రాక్టరు మట్టి తెప్పించి పూడ్పించాం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నీళ్ల నాణ్యత. దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకీ, ఎముకలకీ వచ్చే జబ్బు) గురించి వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. మా తాతల కాలం నుంచి పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన మెడలు చూస్తూ పెరిగినవాళ్లం. అందుకోసమే కదా ఈ బోరు. ఏజెంటు గ్లాసుతో పట్టి తాగి చూపించి, ‘లోతు బోరు, మినరల్ వాటర్ లెక్కే’ అన్నాడు. ఫ్లోరైడ్‌కి రంగుండదు, వాసన ఉండదు. గ్రానైట్ రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో అది పెరుగుతుంది, కాబట్టి లోతుకి పోతే తగ్గుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠంగా 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ తాగునీటి ప్రమాణం చెప్తోంది. మా బోరు రిపోర్టులో 3 దాటింది. నైట్రేట్ కూడా లీటరుకి 45 మిల్లీగ్రాముల పరిమితి దాటింది, ఆ మురుగు దిగడం వల్లేనని మా అనుమానం. రిపోర్టు చూపిస్తే అతను, “ఆర్‌వో ప్లాంటు పెట్టుకోండి, మనోడే ఉన్నాడు, తక్కువలో చేయిస్తా” అన్నాడు. ఆర్‌వో అంటే వదిలేసే నీళ్లు, మార్చాల్సిన మెంబ్రేన్లు (వడపోత పొరలు), కరెంటు బిల్లు. ఆ ఖర్చు మా ఊరి మీద ఎన్నేళ్లు పడుతుందో అతనికి పట్టదు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో కొద్ది ఫీజుకే పరీక్ష చేస్తారు. రసాయనాల పరీక్షకు వేరే సీసా, బ్యాక్టీరియాకి శుభ్రపరిచిన సీసా వాళ్లనే అడగండి. నీళ్లు మీరే పట్టండి, ఏజెంటు పట్టి తెచ్చినవి ఇవ్వకండి. కొత్త బోరు వేసేముందు చుట్టుపక్కల పాత బోర్ల నీళ్లు పరీక్ష చేయిస్తే ఆ పొరలో ఏముందో ముందే కొంత తెలుస్తుంది. ఇది చాలా చవకైన పని.

డబ్బు విడతలుగా ఇవ్వండి. రాడ్ల లెక్క తేలాక కొంత, కేసింగ్ కళ్లతో చూశాక కొంత, ల్యాబు రిపోర్టు వచ్చాక ఆఖరిది. నీళ్లు బాగాలేకపోతే డ్రిల్లింగ్ డబ్బు ఎగ్గొట్టమని కాదు, కష్టపడ్డ బండివాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ తాగునీళ్లని ప్యాకేజీ అమ్మినవాడు దానికి జవాబు చెప్పాలి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకి అనుమతి తీసుకోవాలి, రిగ్గుకి, అంటే బోరు బండికి, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ కాగితం, బండి నంబరు ఫోటో తీసి పెట్టుకోండి, లేకపోతే రేపు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు. బిల్లు తెల్లకాగితం మీద వద్దు. అడుగులు, కేసింగ్ పొడవు, ఇంచులు విడివిడిగా రాసి సంతకం పెట్టించండి.

మాకు పనికొచ్చింది ఆ సంతకం ఉన్న బిల్లే. దాన్నీ, మెకానిక్ తాడు కొలుస్తుండగా తీసిన వీడియోనీ, ల్యాబు రిపోర్టునీ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేస్తే ఎలా వేయాలో తెలుగులోనే చెప్పారు. బోరు నీళ్లు ప్రస్తుతం బట్టలకీ, అంట్లకీ వాడుతున్నాం, తాగడానికి ట్యాంకరు తెప్పించుకుంటున్నాం. మా ఫిర్యాదు కాపీ నమూనాగా కావాలన్నవాళ్లకి ఇస్తాను. కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఇదే ప్యాకేజీ మాటలతో బోరు వేయించుకున్న ఊళ్లు ఉంటే బిల్లులు బయటికి తీసి, ఒకసారి తాడు దింపి కొలిచి చూడండి.