రిచీలియా, యూసిన్-ఎ: సముద్రంలో ఎవరి చోటు వాళ్లదే

సముద్రపు నీటిలో నత్రజని వాయువు కరిగి ఉన్నా, చాలా జీవులకు అది అక్కరకు రాదు. దాన్ని అమోనియాగా మార్చి తమకు చోటిచ్చిన ఆతిథ్య కణానికి అందించే సయనోబాక్టీరియాలో (నీలి-ఆకుపచ్చ బాక్టీరియా) రెండింటిని, రిచీలియాని, యూసిన్-ఎని, పక్కపక్కన పెట్టి చూద్దాం.

రిచీలియా డయాటమ్‌లతో, అంటే గాజు పెంకున్న ఏకకణ శైవలాలతో, జతకడుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న కణాల గొలుసు, దాని చివర కాస్త ఉబ్బిన హెటిరోసిస్ట్ అనే ప్రత్యేక కణం కనిపిస్తాయి. నత్రజని స్థాపన, అంటే ఆ వాయువును అమోనియాగా మార్చే పని, జరిగేది ఆక్సిజన్‌ని దూరంగా ఉంచే ఆ గదిలోనే. ఆక్సిజన్ తగిలితే ఆ పని చేసే నైట్రోజినేస్ ఎంజైమ్ పాడైపోతుంది మరి. డయాటమ్ గాజు పెంకుకి సిలికా కావాలి. అందుకే అమెజాన్ నది అట్లాంటిక్‌లో కలిశాక, ఆ నీరు వందల కిలోమీటర్లు పరుచుకునే చోట ఈ జంటకు పండగే. అక్కడ నైట్రేట్ ముందే ఖాళీ అవుతుంది, సిలికా, ఫాస్ఫరస్ ఇంకా మిగిలే ఉంటాయి.

యూసిన్-ఎ దారి వేరు. 1998లో కేవలం జన్యువు ఆనవాలుగా బయటపడిన ఇది ఇల్లరికపుటల్లుడి టైపు. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ పుట్టించే భాగాన్నే వదిలేసుకుంది, కాబట్టి పట్టపగలే పని చేసుకోగలదు. తిండికి మాత్రం బ్రారుడోస్ఫేరా అనే శైవలం మీదే ఆధారం. 2024లో శాస్త్రవేత్తలు ఇది విడి జీవి కాదు, ఆ శైవల కణంలో ఒక భాగమైన కణాంగమేనన్నారు, నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. చల్లటి నీళ్లకూ జంకదు, ఆర్కిటిక్‌లోనూ దొరికింది.

వ్యాప్తి లెక్కన నా ఓటు యూసిన్-ఎకే. కానీ కార్బన్‌ని లోతుకి దించే విషయంలో రిచీలియానే మేలు. బరువైన డయాటమ్‌లు త్వరగా మునుగుతాయి. హవాయి దగ్గర 4,000 మీటర్ల లోతున, పైనుంచి రాలేవాటిని పట్టడానికి పెట్టిన ఉచ్చుల్లో వేసవిలో వీటి అవశేషాలు పడుతుంటాయి.