‘కాస్టా దీవా’: కల్లాస్ 1954 రికార్డింగ్, చాలా ఏళ్లు విన్నాక

ఇటాలియన్ స్వరకర్త బెల్లీని ‘నోర్మా’ ఆపెరాలో (పాటలతోనే నడిచే నాటకం) కథానాయిక నోర్మా చంద్రదేవతని ప్రార్థిస్తూ పాడే ‘కాస్టా దీవా’కి నా దగ్గర నాలుగైదు రికార్డింగులున్నాయి. వాటిలో అరిగిపోయేంతగా విన్నది ఆపెరా గాయని మరియా కల్లాస్ 1954లో మిలాన్‌లో, అక్కడి లా స్కాలా ఆపెరా థియేటర్ ఆర్కెస్ట్రాతో పాడినది. కండక్టర్ తుల్లియో సెరాఫిన్. మోనో రికార్డింగ్, అంటే ఎడమ, కుడి స్పీకర్లలో ఒకే శబ్దం. ముందు సీడీల సెట్ కొన్నాను. 2014లో వార్నర్ రికార్డు కంపెనీ వాళ్లు పాత టేపుల్ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశాక ఆ ఫైళ్లకి మారాను. ఫ్లూట్ చుట్టూ ఉన్న మసక కాస్త తగ్గింది. అంతకుమించి పెద్ద తేడా ఆశించకండి.

ఈ పాటని నిద్ర పట్టించే సంగీతం కింద చాలామంది పెట్టుకుంటారు. ఈ రికార్డింగ్‌తో మాత్రం ఆ పని జరగదు. కారణం లయలోనే ఉంది.

స్కోరులో బెల్లీని అడిగింది బాగా నిదానమైన, నిలబెట్టి పాడే నడకే. తాళం 12/8. మన లెక్కలో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకీ తిశ్రం: తకిట తకిట తకిట తకిట. వయొలిన్లు ఈ తకిటల్ని ఆపకుండా నడిపిస్తుంటే, పైన ముందు ఫ్లూట్, తర్వాత గొంతు సాగుతాయి. నిదానం అన్నారు కదా అని తకిటని కూడా సాగదీస్తే పాట నీరుగారిపోతుంది. కొన్ని రికార్డింగుల్లో గాయని ఊపిరి కోసం ఆర్కెస్ట్రా కాచుకుని ఉండటం స్పష్టంగా తెలుస్తుంది. సెరాఫిన్ దగ్గర అది లేదు. కల్లాస్ ఒక స్వరం మీద కాస్త ఆగినా కింద నడక ఆగదు, ఆమే వచ్చి కలుసుకుంటుంది. మంచి మృదంగం ఉన్న కచేరీలో కూర్చున్నట్టు ఉంటుంది.

సరదాకి టెంపో చెప్పే యాప్ ఒకటి పెట్టి చూశాను. ఒకసారి ఒక అంకె, ఇంకోసారి దానికి దాదాపు మూడు రెట్లు. దెబ్బల్ని లెక్కపెడితే ఒకటి, తకిటలోని ఒక్కో అక్షరాన్నీ లెక్కపెడితే ఇంకొకటి మరి! ఈ పాట విషయంలో ఆ అంకెల్ని నమ్మి ‘స్లో’, ‘మీడియం’ అని ముద్ర వేయడం దండగ.

ఇక శ్రుతి. బెల్లీని మొదట రాసింది జి మేజర్‌లో. 1831 డిసెంబర్ 26న లా స్కాలాలో తొలి ప్రదర్శన, నోర్మాగా జూదిత్తా పాస్తా. కానీ పాట ఒక మెట్టు దిగి ఎఫ్ మేజర్‌లో స్థిరపడింది. అచ్చు స్కోర్లలో ఉండేది, కల్లాస్ పాడింది ఇదే. మన భాషలో 5 శ్రుతి నుంచి 4కి దిగిందన్నమాట. ఇంకో పేరున్న ఆపెరా గాయని జోన్ సదర్లాండ్ 1964 రికార్డింగ్‌లో మళ్లీ జి మేజర్‌కి వెళ్లింది. రెండూ వెంటవెంటనే వినండి. సదర్లాండ్‌ది నిండు వెన్నెల. పై స్వరాలు ఏ ప్రయాసా లేకుండా వచ్చేస్తాయి, మాటలు మాత్రం సరిగా వినపడవు. కల్లాస్ దగ్గర గొంతు కింది భాగం బరువుగా, కొంచెం చీకటిగా ఉంటుంది. ఒక్కో మాటా విడిగా తెలుస్తుంది. నాకు ఆ చీకటే కావాలి.

తంబూరా యాప్ 4 శ్రుతిలో పెట్టి వింటే, పాట అంతర గాంధారం మీద మొదలవడం పట్టుకోవచ్చు. మొదటి వరుసలు అచ్చం శంకరాభరణం. కాసేపటికి కింద హార్మనీ (ఆర్కెస్ట్రా కలిపి వాయించే స్వరాల కూర్పు) మారుతుంది, అప్పుడు తంబూరా కట్టేయాల్సిందే.

నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వినేది ‘ఆ నోయి వోల్జి’ అనే వరుస. ‘నీ అందమైన ముఖం మావైపు తిప్పు’ అని చంద్రదేవతని అడుగుతుంది. తారస్థాయి గాంధారం మీద అదే స్వరం పదేపదే వస్తుంది, అదీ దెబ్బ మీద కాదు, దెబ్బల మధ్య. కల్లాస్ ఒక్కోసారీ కొంచెం కొంచెం బలం పెంచుతుంది. మధ్యమం అందుకున్నప్పుడు గొంతులో ఒక లోహపు అంచు తగులుతుంది. కొందరికి అది గరుకు. వెంటనే స్వరాలు జారుతూ కిందికి దిగుతాయి, అక్కడ ఒక్కటీ అలికినట్టు ఉండదు.

మూడ్ అంటే చాలాచోట్ల ‘ప్రశాంతం’ అనో ‘విషాదం’ అనో రాసేస్తారు. కథ తెలిస్తే రెండూ చాలవు. నోర్మా గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) ప్రధాన పూజారిణి. జనం రోమన్ల మీద యుద్ధానికి సిద్ధంగా ఉన్నారు. ఇంకా సమయం రాలేదని ఆమె ఆపుతోంది. అసలు సంగతేమిటంటే రోమన్ అధికారి పొల్లియోనేతో ఆమెకి రహస్యంగా ఇద్దరు పిల్లలున్నారు. అంటే దేవతని శాంతి అడిగేది జనం కోసమే కాదు, తన గుట్టు కోసం కూడా. పైకి శాంతం, లోపల టెన్షన్. రెండో చరణం ‘తెంప్రా’ దగ్గర కల్లాస్ గొంతు ఇంకా తగ్గించి పాడుతుంటే, అందరి ముందూ నిలబడి తనలో తను మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

అందుకే ఈ ఒక్క పాటని కోసి పెట్టిన ‘బెస్ట్ ఆఫ్’ ఆల్బమ్‌లు కొనొద్దంటాను. దీనికి ముందు ‘సెదిత్సియోజె వోచి’ అని ఆమె జనాన్ని గద్దించే భాగం ఉంది. తర్వాత ‘ఆ! బెల్లో’ అనే వేగమైన పాట, అందులోనే ప్రియుడు తిరిగి రావాలన్న కోరిక బయటపడుతుంది. ఈ రెండూ లేకపోతే మధ్యలోది వట్టి లాలిపాట.

లోపాలు లేకపోలేదు. కోరస్ గట్టిగా అందుకున్నప్పుడు శబ్దం ఇరుక్కుపోతుంది. పొల్లియోనేగా ఫిలిప్పెస్కి గొంతు పెద్దదే, అరుపే ఎక్కువ. చిన్న వయసు పూజారిణి అదల్జీసా పాత్రలో ఎబె స్తిన్యాని వయసు దాగదు. ఇవి మీకు అడ్డమనిపిస్తే ఇదే కల్లాస్, ఇదే సెరాఫిన్ 1960లో చేసిన స్టీరియో సెట్ తీసుకోండి. అందులో పొల్లియోనేగా కొరెల్లీ, అదల్జీసాగా క్రిస్టా లుడ్విగ్ ఉన్నారు. కల్లాస్ పై స్వరాలు అప్పటికి ఊగుతున్నా, ‘తెంప్రా’ ఇంకా లోతుగా పాడింది.

నెట్‌లో ఉచితంగా దొరికే పాత కాపీలతో జాగ్రత్త. ఒకదాంట్లో పాట అర స్వరం ఎక్కువలో ఉంది, అంటే వేగం సుమారు 6 శాతం పెరిగినట్టే. పియానో మీద ఎఫ్ నొక్కి సరిచూసుకోండి. ఫోన్‌లో వినేవాళ్లు పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకుండా సెట్టింగ్ మార్చుకోండి. ఫ్లూట్ సన్నగా ఉందని అక్కడ వాల్యూమ్ పెంచారంటే కోరస్ వచ్చేసరికి ఇయర్‌ఫోన్లు పీకేయాల్సి వస్తుంది.