ట్రావెల్ ట్రైలర్ కిటికీ కారుతుంటే ఏ సీలెంట్ మేలు?

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు. దాని కిటికీ కింద గోడ మీద చెమ్మ మరక కనబడగానే చాలామంది సందులు మూసే సీలెంట్‌గా ఒక సిలికోన్ ట్యూబు తెచ్చి, బయటి నుంచి చట్రం చుట్టూ పూసేస్తారు. మొదటి ట్రైలర్‌కు నేనూ అదే చేశాను. రెండు వానల వరకు అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది; మూడో వానకు నీళ్ళు మళ్ళీ అదే మూలకు చేరాయి, పైగా పాత పూతను గీకి తీయడానికి పని మొత్తం కంటే ఎక్కువ సమయం పట్టింది. అందువల్ల సీలెంట్లను పోల్చేటప్పుడు ఏది గట్టిగా అంటుకుంటుందని కాక, ఏది ఏ సందులో నిలుస్తుంది, మళ్ళీ విప్పవలసి వస్తే ఏది విప్పనిస్తుంది అని అడగడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

సాధారణంగా ట్రైలర్ కిటికీకి బయటి వైపు ఒక చట్రం, దానికి గోడ మీద ఆనుకునే వెడల్పైన అంచు, అంటే ఫ్లాంజ్, లోపలి వైపు స్క్రూలతో బిగించే క్లాంప్ రింగ్ ఉంటాయి. ఈ రెండింటి మధ్య గోడ నలిగి ఉంటుంది. నీటిని నిజంగా ఆపేది ఫ్లాంజ్‌కూ గోడకూ నడుమ కనబడకుండా ఉన్న పొరే గాని, బయట మనకు కనిపించే గీత కాదు. ఆ పొర ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది: రోడ్డు కుదుపులకు గోడ ఊగుతుంది, ఎండకూ చలికీ లోహం సాగి ముడుచుకుంటుంది. మీటరు పొడవున్న అల్యూమినియం చట్రం 40 డిగ్రీల సెల్సియస్ తేడాకు దాదాపు 0.9 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే పొడవున్న గాజు అందులో సగం కూడా పెరగదు. ఈ తేడాను సీలెంట్ తనలో ఇముడ్చుకోలేకపోతే ఎక్కడో ఒకచోట ఊడిపోక తప్పదు.

ట్యూబు కొనడానికి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. పైకప్పు అంచు పట్టీ దగ్గర దిగిన నీరు గోడ లోపలి నుంచి జారి కిటికీ పై మూలలో బయటపడటం చాలా మామూలు. అప్పుడు కిటికీకి ఎంత పూసినా పుండొకచోట, మందొకచోట అయినట్టే. గొట్టంతో నీటిని సన్నగా, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోనిస్తూ, లోపల ఒకరు టార్చి పట్టుకుని చూస్తే చెమ్మ మొదలైన ఎత్తును బట్టి చోటు తెలుస్తుంది. పై నుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడిసి ఏమీ తేలదు. చట్రం అడుగున నీరు బయటకు పోవడానికి ఉండే సన్నని రంధ్రాలలో, అంటే వీప్ హోల్స్‌లో దుమ్ము పేరుకుని కిటికీ గాడిలో నీరు నిలిచి లోపలికి పొర్లడం కూడా తరచు జరిగేదే. దానికి సీలెంట్ అక్కరలేదు, ఒక సన్నని తీగ చాలు.

ఫ్లాంజ్ కింది పొరకు ప్రధానంగా ఉన్న దారులు రెండు: పుట్టీ టేప్, బ్యూటైల్ టేప్. పుట్టీ టేప్ నూనెతో మెత్తగా ఉండే పదార్థం. పరచడం తేలిక, పక్కకు పొంగినది తుడవడం ఇంకా తేలిక. కాని ఏళ్ళు గడిచేకొద్దీ అందులోని నూనె ఇంకిపోతుంది. పాత కిటికీని విప్పి బయటకు లాగితే ఆ పుట్టీ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి కనిపిస్తుంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది, ఆ నెర్రెల మధ్య నీరు పారిన గోధుమరంగు చార ప్లైవుడ్ దాకా స్పష్టంగా ఉంటుంది. బ్యూటైల్ రబ్బరు జాతి పదార్థం. అది గట్టిపడదు, ఏళ్ళ తరబడి జిగటగానే ఉండి, చట్రం కదిలినప్పుడల్లా దానితో పాటు సాగుతుంది. సాధారణంగా 3 మిల్లీమీటర్ల మందం, 19 లేదా 25 మిల్లీమీటర్ల వెడల్పుతో చుట్టలుగా దొరుకుతుంది. రేకు గోడ మడతలు పడి ఉంటే, మడత పల్లంగా ఉన్న చోట రెండో పొర వేసుకోవచ్చు.

బ్యూటైల్‌తో చిక్కు దాన్ని బిగించే తీరులో ఉంది. అది మెల్లగా పారే స్వభావం గలది కనుక స్క్రూలను ఒకేసారి బిగిస్తే కొన్నిచోట్ల నలిగిపోయి, కొన్నిచోట్ల మందంగా మిగిలిపోతుంది. ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా, వరుస మార్చి మార్చి బిగించుకుంటూ పోవాలి. అప్పుడు ఫ్లాంజ్ అంచు వెంట నల్లని నాలుకలా టేపు సమంగా బయటకు తోసుకువస్తుంది; ఎక్కడ రాలేదో అక్కడ సందు ఉన్నదని అర్థం. టేపును మూలల దగ్గర లాగకూడదు, రెండు కొసలు కలిసే అతుకు కిటికీ అడుగు వైపే ఉండాలి. చల్లని రోజున బ్యూటైల్ మొండికేస్తుంది కనుక ఎండ ఉన్న పూట ఎంచుకోవడం మంచిది.

ఇక సిలికోన్. దీన్ని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు: ఎండకు దాదాపు చెక్కుచెదరదు, బాగా సాగుతుంది, గాజుకు బలంగా పట్టుకుంటుంది. గాజుకూ చట్రానికీ మధ్య సందు కారుతుంటే, ఆ ఒక్క చోట న్యూట్రల్, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలని రకం సిలికోనే తగినది. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది కనుక అల్యూమినియం దగ్గర దాన్ని వాడకపోవడమే మేలు. అసలు అభ్యంతరం వేరే ఉంది. సిలికోన్ మీద రంగు నిలవదు, మరో సీలెంట్ అంటదు, కొత్త సిలికోన్ సైతం పాతదాన్ని సరిగా పట్టుకోదు. గీకి తీసినా మిగిలే కంటికి కనబడని జిడ్డు పొర తరువాతి మరమ్మతునూ చెడగొడుతుంది. ఫ్లాంజ్ చుట్టూ సిలికోన్ పూసినవారు రేపు ఏం వాడుకోవచ్చనేది కూడా ఈరోజే తేల్చేసుకున్నట్టు.

పాలీయూరెథేన్ దీనికి భిన్నమైన గుణం గలది. దాని పట్టు ఎంత బలమంటే, అది సీలెంట్ కంటే జిగురు అనడమే సబబు. ట్రైలర్ ఒంటి రేకుల అతుకులకు, మళ్ళీ విప్పే పని లేని చోట్లకు అది చక్కగా పనికివస్తుంది. కిటికీకి వాడితే గాజు పగిలిన రోజున చట్రాన్ని విడదీయడానికి కత్తి, తీగ పట్టుకోవలసి వస్తుంది, ఒక్కోసారి గోడ పైపొర కూడా దానితో లేచివస్తుంది. ఎండలో దాని ఉపరితలం సున్నం పట్టినట్టయి సన్నని పగుళ్ళు తేలుతుంది. గాలిలోని తేమతో బయటి నుంచి లోపలికి రోజుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది కనుక పొడిగాలిలో మరింత ఆలస్యమవుతుంది. ఆరని పాలీయూరెథేన్‌ను ఆల్కహాల్‌తో తుడిస్తే అది సరిగా గట్టిపడక జిగటగా మిగిలిపోతుందని చాలామందికి తెలియదు. అందులో చర్మానికీ ఊపిరితిత్తులకూ హాని చేసే ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, చేతి తొడుగులు తప్పనిసరి.

ఈ రెండింటి మధ్య నిలిచేది హైబ్రిడ్ పాలిమర్. 1970ల చివర జపాన్‌లో కనేకా సంస్థ తయారుచేసిన ఎంఎస్ పాలిమర్‌తో మొదలైన ఈ కుటుంబంలో ఐసోసయనేట్లు ఉండవు, ఆరేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ, రంగు వేసుకోవచ్చు, ఎండను పాలీయూరెథేన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. పట్టు బలంగానే ఉన్నా ప్లాస్టిక్ గీకుడుతో కోసి తీయగలిగినంతలో ఉంటుంది. బయటి పూతకు నేను దీనినే ఎంచుకుంటాను.

మిగిలినవి వేరే చోటికి చెందినవి. తానే సమంగా పరుచుకునే పైకప్పు సీలెంట్ నిలువు గోడ మీద కిందికి జారిపోతుంది. ఇంటి గోడలకు వాడే అక్రిలిక్ పూత ఆరుతూ కుంచించుకుని ఊడుతుంది. వెంట్రుక వాసి పగుళ్ళలోకి తనంత తానే ఇంకిపోయే పలుచని ద్రవ సీలెంట్ గాజు అంచున ప్రయాణం మధ్యలో ఒక తాత్కాలిక ఉపశమనం.

కిటికీ విప్పడానికి ఒక పూట, చట్రాన్ని బయట పట్టుకోవడానికి ఇంకొక మనిషి ఉంటే బ్యూటైల్ పరచి, ఆపైన హైబ్రిడ్ పూతను పైనా రెండు పక్కలా సన్నగా వేయడమే అన్నిటికంటే మేలైన కూర్పు. అడుగు అంచును మాత్రం వదిలేయాలి. ఎలాగో లోపలికి చేరిన నీటికి బయటపడే దారి అదొక్కటే. సమయం లేకపోతే పాత పూత తీసి, హైబ్రిడ్ ఒక్కటే అదే మూడు వైపులా వేసుకుని, ఫ్లాంజ్ పనిని తరువాతి సెలవుకు వాయిదా వేసుకోవచ్చు. పాత సిలికోన్ ఉన్న చట్రానికి మాత్రం పూత పూయడం వృథా, దాన్ని విప్పక తప్పదు. గోడ వేలికి మెత్తగా తగిలితే ఏ సీలెంటూ పనికిరాదు, ముందు కుళ్ళిన చెక్కను మార్చాలి.

అంటించే ముందు లోహాన్ని, ఫైబర్‌గ్లాస్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుచుకుని పూర్తిగా ఆరనివ్వాలి. అక్రిలిక్ ప్లాస్టిక్ కిటికీలకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకూడదు. సాలెగూడు లాంటి సన్నని పగుళ్ళు లేస్తాయి. ఆ కిటికీలకు సబ్బునీరు చాలు. బ్యూటైల్ కొన్నాళ్ళు నలుగుతూనే ఉంటుంది కనుక రెండు మూడు రోజుల తరువాత స్క్రూలను మరో చుట్టు బిగించి, అప్పుడు బయటకు పొంగినదాన్ని ప్లాస్టిక్ కత్తితో కోసి, ఆ తరువాతే హైబ్రిడ్ గీత వేయాలి.