ఆరేళ్లు అద్దెకు నడిపిన మోటార్ గ్లైడర్: గ్రోబ్ 109బి

ఏటిగట్టు మీద సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడల్లా మా పెదనాన్న ఒకటే అడుగుతారు: "ఇంజిను పెట్టుకుని దాన్ని ఆపడం దేనికిరా?" ఆయన వయసులో ఉన్నప్పుడు తెరచాప పడవల మీద లంకల నుంచి కొబ్బరికాయలు చేరవేసిన మనిషి. అందుకే ఆయనకు నచ్చజెప్పడం తేలికైంది. గాలి లేనప్పుడు గెడ వేస్తారు. గాలి తగలగానే గెడ పక్కన పడేసి చాప ఎత్తుతారు. గ్లైడర్ అంటే ఇంజిను లేకుండా, పైకి లేచే గాలి ఆసరాతో ఎగిరే విమానం. దానికి ఇంజిను తగిలిస్తే మోటార్ గ్లైడర్. అందులో ఇంజిను ఆ గెడ లాంటిది. నేలను వదలడానికి, గాలి కలిసిరానప్పుడు ఇంటికి చేరడానికి అది కావాలి. మిగిలిన సమయమంతా రెక్కలదే.

ఉద్యోగరీత్యా అరిజోనాలో ఉన్నప్పుడు, 2018 నుంచి 2024 వరకు, ఒక క్లబ్బులో గ్రోబ్ 109బి అద్దెకు తీసుకుని ఎగిరాను. లాగ్‌బుక్‌లో మొత్తం 214 గంటలు ఉన్నాయి. అందులో ఇంజిను ఆపి ఎగిరినవి 61. ఇప్పుడు కోనసీమకు తిరిగి వచ్చేశాను. అమెరికాలో ఉన్న మన జిల్లాల పిల్లలు తరచూ ఫోన్ చేసి దీని గురించి అడుగుతున్నారు. వాళ్ళకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి. ఇంజిను ఉన్నా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దీన్ని గ్లైడర్‌గానే లెక్కిస్తుంది. గ్లైడర్‌కు వైద్య ధ్రువపత్రం అవసరం లేదు. నాకు మధుమేహం ఉంది కాబట్టి నన్ను ఇటు నడిపించింది ఆ నిబంధనే. అయితే ఒంట్లో బాగాలేదని తెలిసి ఎగరడం అక్కడా నిబంధనలకు విరుద్ధమే. ఎవరూ అడగరు కాబట్టి ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. తల తేలికగా అనిపించిన రోజు హ్యాంగర్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన సందర్భాలు నాకు మూడు ఉన్నాయి.

మరే విమాన లైసెన్సూ లేని మనిషికి చట్టం అడిగేది 10 గంటల గ్లైడర్ అనుభవం, 20 ఎగరడాలు, అందులో కనీసం 2 గంటలు ఒంటరిగా, ఆ ఒంటరి ఎగరడాల్లో 10 సార్లు లేవడం, దిగడం. ఆపైన 60 ప్రశ్నల రాత పరీక్ష, చివర్లో పరీక్షాధికారి పక్కన కూర్చుని చూసే పరీక్ష. పది గంటలని చదివి పది గంటల్లో అయిపోతుందనుకోకండి. నాకు 37 పట్టాయి. ఇంకొకటి: ఏ పద్ధతిలో గాలిలోకి లేస్తారో ఆ పద్ధతికి శిక్షకుడు లాగ్‌బుక్‌లో విడిగా సంతకం పెట్టాలి. నాకున్నది సొంత ఇంజినుతో లేవడానికి మాత్రమే. మరో విమానం తాడు కట్టి లాక్కెళ్ళే గ్లైడర్ ఎక్కాలంటే మళ్ళీ నేర్చుకోవాలి.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన క్లబ్బు తాళం చేతిలో పెట్టదు. గ్రోబ్ తోక చక్రం విమానం, అంటే మూడో చక్రం ముక్కు కింద కాక తోక కింద ఉంటుంది. తోక చక్రానికి విడిగా సంతకం కావాలనే నిబంధన మామూలు విమానాలకే కానీ గ్లైడర్లకు లేదు. అయినా క్లబ్బు బీమా సంస్థ అడిగింది. ఇదే మోడల్ మీద శిక్షకుడితో మరో ఐదు గంటలు ఎగరమంది. అప్పట్లో విసుక్కున్నాను. అడ్డుగాలిలో మొదటిసారి ఒంటరిగా దిగిన రోజు ఆ ఐదు గంటల విలువ తెలిసింది.

విమానం గురించి: ఇద్దరు పక్కపక్కనే కూర్చోవచ్చు. ఇంజిను 95 హార్స్‌పవర్. మనుషులతో, పెట్రోలుతో కలిపి గరిష్ఠ బరువు 850 కిలోలు. రెక్కలు ఆ చివర నుంచి ఈ చివరకు 17.4 మీటర్లు. గాలిలో ఆ పొడవు వరమే. నేల మీద మాత్రం మెడ తిప్పి తిప్పి చూసుకోవాలి. ఇరుకు దారిలో దీపాల మధ్య నుంచి పోవడమంటే గడ్డిమోపులు నిండిన బండిని సంత వీధిలో తోలడమే. మంచి గ్లైడర్ కావాలనుకునే వారికి ఇది నచ్చదు. బరువు వల్ల, పైకి లేచే గాలి బలహీనంగా ఉంటే నిలబడదు. ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీలలో ఇద్దరితో లేస్తే ఎక్కడం చాలా నెమ్మది. నేను ఆ వేళల్లో రెండో మనిషిని ఎక్కించుకోవడం మానేశాను.

ఇక అద్దె. అసలు చూడవలసింది ఇక్కడే. గంట ధర చూసి ఎవరూ నిర్ణయించుకోవద్దు. ఆ గంటను ఏ గడియారంతో కొలుస్తున్నారో అడగండి. మా క్లబ్బు ఇంజిను తిరిగిన గంటకు పెట్రోలుతో కలిపి 110 డాలర్లు, ఇంజిను ఆపి ఎగిరిన గంటకు 35 డాలర్లు తీసుకునేది. దీనివల్ల డబ్బు మిగలడమే కాదు, నాకు గాలిని చదవడం వచ్చింది. సుడిగాలి దుమ్ము ఎక్కడ లేస్తోంది, గద్దలు ఏ కొండ అంచున తిరుగుతున్నాయి అని వెతకడం అలవాటైంది. రెండు రకాల గంటలకూ ఒకే ధర పెట్టే చోట ఇంజిను ఆపడానికి ఎవరికీ మనసొప్పదు. అలాంటి చోట మోటార్ గ్లైడర్ ఉత్త నెమ్మది విమానంగా మిగిలిపోతుంది.

ఇంజిను ఆపే పద్ధతి వివరంగా చెబుతాను. ముందు శక్తి తగ్గించి రెండు నిమిషాలు చల్లబడనిస్తాం. తర్వాత ఇగ్నిషన్ కట్టేస్తాం. పంకా ఆగాక ఒక పిడి లాగితే దాని ఆకులు అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిరుగుతాయి. ఇక గాలి వాటిని అడ్డుకోదు. రొద పోయిన మరుక్షణం గాజు తలుపు అంచున గాలి సన్నగా ఈల వేయడం వినిపిస్తుంది. 61 గంటల్లో ఒక్కసారి కూడా ఆ చప్పుడు నాకు పాతబడలేదు.

నాలుగో ఏడు ఫిబ్రవరిలో, నేలకు 3,500 అడుగుల ఎత్తున ఉండగా మళ్ళీ ఇంజిను వేయబోయాను. ఆకులు యథాస్థానానికి తిప్పి స్టార్టర్ నొక్కితే పంకా సగం తిరిగి ఆగిపోయింది. మరోసారి నొక్కితే అదీ లేదు. బ్యాటరీ నీరసంగా ఉందని అంతకుముందు రెండుసార్లు లోపాల పుస్తకంలో రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అప్పుడు చేయవలసిన మొదటి పని, ఆకులను మళ్ళీ గాలి వాలుకు తిప్పడం. మరిచిపోతే ఎత్తు ఇట్టే కరిగిపోతుంది. మా రన్‌వే 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ విమానం ఒక మీటరు దిగేలోగా 28 మీటర్లు ముందుకు పోతుంది కాబట్టి ఎత్తు సరిపోయింది. దిగేటప్పుడు ఎయిర్ బ్రేకు (రెక్కల మీద పలకలు లేపి త్వరగా కిందికి దించేది) పిడి మీద చేయి బిగుసుకుపోయింది. దూరం చాలదనిపిస్తే మళ్ళీ లేచి తిరిగి రావడం కుదరదు. మర్నాడు బ్యాటరీ మార్చారు.

అప్పటి నుంచి నేలకు 2,500 అడుగులకు రాగానే దిగే చోటు ఎంచుకునేవాణ్ని. 1,500 దగ్గర ఇంజిను సంగతే మరిచిపోయి దిగడం మీదే మనసు పెట్టేవాణ్ని.

ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. బస్సులో అమలాపురం నుంచి రావులపాలెం పోతుంటే కిటికీలోంచి దిగే చోటే వెతుకుతాను. అమలాపురం మీద వెయ్యి మీటర్ల ఎత్తున ఇంజిను ఆపితే, గాలి లేని రోజున, లెక్క ప్రకారం రావులపాలెం దాకా రావచ్చు. కానీ దారి పొడవునా కొబ్బరి తోటలు, కాలువలు. సార్వాకు చేలన్నీ నీళ్ళు. భీమవరం వైపు చేపల చెరువులు. దాళ్వా కోతలయ్యాక చేలు ఎండుతాయి కానీ గట్లు చక్రాలను బతకనివ్వవు. పైగా తడి నేల మీద, మధ్యాహ్నం సముద్రపు గాలి వీచే చోట, పైకి లేచే వేడి గాలికి బలం ఉండదు. రాజమండ్రి దగ్గరి మధురపూడి రన్‌వే ప్రయాణికుల విమానాలది. అందుకే ఇక్కడ ఎగరాలని నేను ఆశ పెట్టుకోలేదు. వేసవిలో ధవళేశ్వరం దగ్గర నది ఎండి ఇసుక తేలినప్పుడు మాత్రం గద్దలు దాని మీద ఎత్తుకు పోతుంటాయి. వాటిని చూస్తూ ఎంతసేపైనా నిలబడతాను.

టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు పోయిన వారం ఒక క్లబ్బు ధరల కాగితం పంపి, "మామయ్యా, చేరమంటావా?" అని అడిగాడు. ఇంజిను ఆపినా ఆపకపోయినా గంటకు ఒకే ధర. విమానం దెబ్బతింటే బీమా పోగా మనం కట్టాల్సిన వాటా ఎంతో ఆ కాగితంలో లేదు. ముందు ఆ వాటా ఎంతో రాతపూర్వకంగా అడగమన్నాను. లోపాల పుస్తకంలో చివరి పది పేజీలు ఫొటో తీసి పంపమన్నాను. రాసిన లోపానికి, చేసిన మరమ్మతుకు మధ్య ఎన్ని రోజులు గడిచాయో చూశాకే వాడికి జవాబు చెబుతాను.