లగడపాటి, గల్లా: కృష్ణకు ఇటొకరు, అటొకరు

విజయవాడ లగడపాటి రాజగోపాల్‌ని 2004, 2009లో కాంగ్రెస్ ఎంపీగా గెలిపించింది. గుంటూరు గల్లా జయదేవ్‌ని 2014, 2019లో తెలుగుదేశం నుంచి పంపింది. ఇద్దరూ పారిశ్రామికవేత్తలే.

లగడపాటి సంస్థ ల్యాంకో మన గడపలోనే, కొండపల్లిలో గ్యాస్‌తో కరెంటు తీసింది. అప్పులు మోయలేక 2018లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌కు (ఆస్తులమ్మి అప్పులు తీర్చే ప్రక్రియకు) వెళ్లింది. అంత పెద్ద సంస్థ అలా కూలడం నాకిప్పటికీ బాధే. గల్లా కుటుంబ సంస్థ అమరరాజా 1985లో తిరుపతి దగ్గర మొదలైంది. గుంటూరులో ఫ్యాక్టరీ లేకపోయినా దాని ఆమరాన్ బ్యాటరీ తెలియని మెకానిక్ ఉండడు.

మరి లోక్‌సభలో? 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు పెట్టినప్పుడు లగడపాటి పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ ఆవేదన నాదీ, ఆ పద్ధతి మాత్రం కాదు. 2018 జులైలో మోదీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం చర్చను గల్లా మొదలుపెట్టి, రాష్ట్రానికి రావాల్సినవి సూటిగా అడిగారు. నా ఓటు ఆ ప్రసంగానికే.