కత్తెర పురుగు జననాంగాలు చూడటానికి ఈ డిసెక్షన్ సెట్ సరిపోతుందా?

జూమ్ స్టీరియో మైక్రోస్కోపు, దానితోపాటు ఓ డిసెక్షన్ పెట్టె, చిన్న గైడు పుస్తకం కలిపి కాలేజీ ల్యాబులకు అమ్మే సెట్ ఇది. మైక్రోస్కోపుకి డబ్బు పెట్టొచ్చు. పెట్టెకి దండగ.

2018లో మన మొక్కజొన్న మీద కత్తెర పురుగు బయటపడ్డాక, లింగాకర్షక బుట్టల్లో పడిన రెక్కల పురుగుల్ని పోల్చుకునే పని పెరిగింది. బుట్టలో పడేవి మగవే. అందులో కొట్టుకుని పొలుసులు రాలిపోతే రెక్కల మచ్చలతో ఏమీ తేల్చలేం. అప్పుడు జననాంగాలుండే పొట్ట చివరే దిక్కు. కత్తెర పురుగులో వాల్వాలు, అంటే జత కట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే రెండు రేకులు, వెడల్పుగా దాదాపు చతురస్రంగా ఉంటాయి.

ఐపీస్ 10 రెట్లు, జూమ్ 0.7 నుంచి 4.5 వరకు, మొత్తం 7 నుంచి 45 రెట్లు. 20 దగ్గర విడదీసే పని హాయిగా సాగుతుంది. ఈడియాగస్‌లోని (మగ అంగంలోని) వెసికా, అంటే బయటికి ఉబికే పొర సంచి, మీది ముళ్లకు 40 కావాలి, అక్కడా బొమ్మ చెదరలేదు. పైదీపం మాత్రం, భాగాల్ని ఉంచి చూసే గ్లిసరిన్ మీద తళుక్కుమని కళ్లు చెదరగొడుతుంది. దాన్ని ఆర్పేసి అడుగు దీపంతో చూడాలి.

పెట్టెలోని ఫోర్సెప్స్ కప్పలకు పనికొస్తాయేమో. గట్టిగా నొక్కితే మొనలు విడిపోతున్నాయి. ఈడియాగస్‌ను జక్స్టా, అంటే దాన్ని ఆనించి ఉంచే పలక, నుంచి లాగేటప్పుడు పొర చిరిగేది ఇలాంటి వాటితోనే. 5వ నంబరు సన్నమొనవి రెండు విడిగా కొనాలి. కత్తెర అసలు అక్కర్లేదు, ఎండిన పురుగు పొట్టను మెల్లగా పైకి వంచితే విరిగి వస్తుంది.

పొట్టలోని మెత్తని కండను కరిగించే కాస్టిక్ పొటాష్ కూడా మీరే తెచ్చుకోవాలి. గుళికలు మొత్తం 10 గ్రాములు తూచి నీళ్లలో కొద్దికొద్దిగా వేసి, కరిగి చల్లారాక 100 మి.లీ. చేయండి. పొట్టను అందులో ఒక రాత్రి ఉంచాలి, లేదా వేడినీటి గిన్నెలో గొట్టం పెట్టి 10–15 నిమిషాలు. నేరుగా మంట మీద పెడితే ద్రావణం ఎగిరి ముఖాన పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే పొరలు జావైపోతాయి. నీళ్లలో కడిగి, చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి, సన్నని కుంచెతో పొలుసులు తుడిచాకే విడదీయాలి.

గైడు పుస్తకం 1844 నాటి ద్యుఫూర్ తాళం–తాళంచెవి వాదం (ఒక జాతి మగదాని అంగం ఆ జాతి ఆడదానికే సరిపోతుందనే వాదం) దగ్గరే ఆగిపోయింది. 1979లో వాగె అనే శాస్త్రవేత్త ఒక తూనీగ జాతిలో మగది తన అంగంతో ముందటి మగదాని వీర్యాన్ని తోడేస్తుందని చూపాడు; 1985లో ఎబర్‌హార్డ్ అనే మరో శాస్త్రవేత్త జత కట్టాక కూడా ఆడదాని ఎంపిక సాగుతుందని వాదించాడు. దగ్గరి జాతుల్లో సైతం ఈ భాగాలు ఎందుకింత వేరుగా ఉంటాయో ఆ ముక్కలు లేకుండా విద్యార్థికి ఎలా బోధపడుతుంది?

స్లైడు మీద శాశ్వతంగా అతికించే జిగురు, కెనడా బాల్సమ్, సీసా ఇచ్చారు గానీ తొందరపడి వాడకండి. కవర్‌స్లిప్ కింద అన్నీ చదునైపోయి, అంకస్ (పొట్ట చివరి కొక్కెం) వంపు పక్కనుంచి చూసే వీలుండదు. గ్లిసరిన్ నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, ఆ పురుగును గుచ్చిన సూదికే కింద గుచ్చండి. అలాంటి గొట్టాలు సెట్‌లో ఒక్కటీ లేవు, ఆర్డరుతోనే అడగండి.