ఫిల్టర్ జగ్గు: కృష్ణా నీళ్లకు సరే, ఉప్పు బోరుకు వద్దు

సత్యనారాయణపురంలో మాకు మున్సిపాలిటీ కుళాయిలో కృష్ణా నీళ్లే. తేటగానే ఉంటాయి గానీ క్లోరిన్ వాసన. ఆ నీళ్లతో డికాక్షన్ తీస్తే కాఫీ రుచే చెడిపోయేది. 20 లీటర్ల టిన్నులు మోయలేక ఈ జగ్గు కొన్నాం. కరెంటు అక్కర్లేదు, గోడకు మేకు కొట్టక్కర్లేదు; అద్దె ఇళ్లవాళ్లకు అదే పెద్ద సుఖం.

లోపలి కార్ట్రిడ్జ్‌లో యాక్టివేటెడ్ కార్బన్ క్లోరిన్‌ని పట్టేస్తుంది, రెసిన్ గుళికలు నీళ్ల గట్టిదనాన్ని (గిన్నెలకు తెల్ల చార పట్టించే గుణాన్ని) కొంత తగ్గిస్తాయి. ఇప్పుడు కాఫీ కమ్మగా వస్తోంది. నీళ్లు కాచే గిన్నెలో తెల్ల చార కూడా తగ్గింది.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఇది సూక్ష్మక్రిములను చంపదు. వానాకాలంలో కుళాయి నీళ్ల మీద అనుమానం వస్తే కాచి, చల్లార్చాకే పోయండి. గుంటూరులో మా ఆడపడుచు వాళ్లది ఉప్పు బోరు. తనూ కొంటానంటే వద్దన్నాను. ఆ ఉప్పదనం దీంతో పోదమ్మా, ఉప్పును కూడా వడకట్టే ఆర్‌వో మెషీన్ ఉండాల్సిందే.

మా రకం కార్ట్రిడ్జ్ 150 లీటర్ల వరకే. నలుగురున్న ఇంట్లో నెల తిరక్కుండానే మార్చాలి, ఆ ఖర్చు కొనేముందే లెక్కేసుకోండి. ఎండాకాలం జగ్గును ఫ్రిజ్‌లోనే పెట్టండి. క్రిములు పెరగకుండా ఆపే క్లోరిన్ పోయిన నీళ్లు కదా, బయట ఎక్కువసేపు నిలవుంచకూడదు.